పెద్ద మోటారు కొనేముందు

కోడ్ స్లోగా నడుస్తుంటే ముందేం చేస్తావని మన కాలేజీలో ఎవరినైనా అడగండి. "ప్రొఫైల్ చేస్తా, టైమ్ ఎక్కడ పోతోందో చూస్తా" అంటాడు. అది చూడకుండా పెద్ద సర్వర్ కొందామన్నవాణ్ని వైవాలో నిలబెట్టి మరీ నవ్వుతారు. చేపల పడవ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి ఎవరికీ గుర్తురాదు. పడవ నెమ్మదిగా పోతోంది, పెట్రోల్ డబ్బా తొందరగా ఖాళీ అవుతోంది అంటే చాలు, రేవులో మెకానిక్ దగ్గర్నుంచి హాస్టల్లో మెకానికల్ బ్రాంచి వాడి దాకా అందరూ చెప్పే మందు ఒకటే: "9.9 తీసేసి 15 పెట్టు."

నేను దీనికి అడ్డం మాట్లాడదామనే ఈ వ్యాసం రాస్తున్నా. చిన్న అవుట్‌బోర్డ్ మోటారుతో నడిచే పడవకి ముందు పెట్టాల్సిన ఖర్చు కొత్త మోటారు మీద కాదు. ఉన్న మోటారుకు సరైన ప్రొపెల్లర్ మీద, దాన్ని సరైన ఎత్తులో బిగించడం మీద, ఒక్కరోజు కూర్చుని కొలిచే కొలత మీద పెట్టాలి. ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే, అప్పుడు హార్స్‌పవర్ గురించి మాట్లాడుకోవచ్చు.

హన్మకొండోడివి, నీకు సముద్రంతో ఏం పని అని మీరు అడగకముందే చెప్తా. మాకు తెలిసిన నీళ్లంటే రామప్ప, పాకాల, లక్నవరం. కాకతీయులు తవ్వించిన చెరువులు. అక్కడ చేపలు పట్టేవాళ్లు తెప్ప మీద తెడ్డేసుకుని పోతారు, మోటారు గోల లేదు. నాకు ఈ పిచ్చి పట్టించింది మా రూమ్మేట్. వాడిది ఉప్పాడ దగ్గర ఒక పల్లె. ఉప్పాడ అంటే మా ఇంట్లో అమ్మకి జామ్‌దానీ చీరలే తెలుసు. పోయిన సంక్రాంతి సెలవులకు కాజీపేటలో గౌతమి ఎక్కి సామర్లకోటలో దిగి, వాడితో పాటు వాళ్ల ఊరు పోయాను. వాళ్ల బాబాయ్‌కి ఒక ఫైబర్ పడవ ఉంది. ఏడు మీటర్ల చిల్లర పొడవు, వెనకాల 9.9 హెచ్‌పీ పెట్రోల్ మోటారు. ఆ తీరంలో పొడుగు తోక లాంటి షాఫ్ట్ ఉన్న డీజిల్ ఇంజన్లు కూడా బాగానే కనిపిస్తాయి. నేను చెప్పబోయేదాంట్లో ముప్పావు వంతు వాటికీ పనికొస్తుంది.

నేను వెళ్లేసరికి బాబాయ్ అప్పు చేసి 15 హెచ్‌పీ మోటారు కొనే ఆలోచనలో ఉన్నాడు. "పక్కోళ్లు పెట్టేశారు బాబూ. మనం ఎనకబడిపోతన్నాం. ముందొచ్చినోడిదే పాట" అన్నాడు. పాట అంటే రేవులో చేపల వేలంపాట. సరుకు ముందు దించినవాడికి మంచి రేటు పలుకుతుంది, ఆలస్యంగా వచ్చినవాడు వ్యాపారి చెప్పిన రేటుకి ఇచ్చేసుకోవాలి. కాబట్టి ఆయన కోరిక పిచ్చి కోరికేం కాదు. ఆయనకు నిజంగానే వేగం కావాలి. ఆ 15 హెచ్‌పీ ఆ వేగం ఇస్తుందా అన్నదే ప్రశ్న.

లెక్క చూద్దాం. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ చాలు. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు కావాల్సిన పవర్, దాదాపుగా వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. దీన్ని తిరగేసి చూడండి. 9.9 నుంచి 15కి పోతే పవర్ ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఒకటిన్నరకు ఘనమూలం తీస్తే 1.15 వస్తుంది. యాభై శాతం ఎక్కువ పవర్ కొంటే వేగం పెరిగేది పదిహేను శాతం. గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవ పదకొండున్నర పోతుంది. అంతే.

ఆ పదిహేను శాతం కూడా ప్రతిసారీ దక్కదు. ప్రతి పడవకూ దాని పొడవును బట్టి ఒక గోడ ఉంటుంది. పడవ ముందుకు పోతుంటే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది, వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగవుతుంది. అల పొడవు పడవ పొడవంత అయ్యేసరికి పడవ తను లేపిన అలనే తను ఎక్కడానికి తంటాలు పడుతుంటుంది. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది. ఇంజన్ ఎంత అరిచినా వేగం పెద్దగా పెరగదు. ఈ గోడ ఎక్కడుందో కనుక్కోవడం చాలా ఈజీ. నీళ్లలో ఉండే పడవ పొడవును మీటర్లలో తీసుకుని, వర్గమూలం తీసి, 4.5తో గుణించండి. గంటకు కిలోమీటర్లలో జవాబు వస్తుంది. ఏడు మీటర్ల పడవకు దాదాపు 12. తేలికపాటి స్పీడ్‌బోటు తగినంత పవర్ ఉంటే ఆ గోడ దాటి నీటి మీద జారుకుంటూ పోగలదు. వలలు, ఐసు పెట్టెలు, నలుగురు మనుషులు, వచ్చేటప్పుడు చేపలు, ఇంత బరువున్న పడవ 15 హెచ్‌పీతో ఆ గోడ దాటడం కలలో మాట. మరి ఆ అయిదు గుర్రాలు ఎక్కడికి పోయినట్టు? వెనకాల అలలు లేపడానికి. పెట్రోల్ పోసి అలలు కొనుక్కుంటున్నామన్నమాట.

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. ప్రొపెల్లర్. బాబాయ్ దాన్ని ఫ్యాను అంటాడు, నాకు ఆ మాటే నచ్చింది. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు ఉంటాయి, అంగుళాల్లో. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. స్క్రూని చెక్కలోకి తిప్పితే ఒక్క చుట్టుకు ఎంత లోపలికి దిగుతుందో, ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు నీటిలో అంత ముందుకు పోవాలి. అది పిచ్. నీరు చెక్కలా గట్టిగా ఉండదు కాబట్టి అంత పోదు. ఈ తేడాని స్లిప్ అంటారు.

ఉదాహరణకి, ఇంజన్ 5,000 ఆర్పీఎం తిరుగుతోంది, గేర్ దాన్ని సగం చేస్తోంది, పిచ్ 9 అంగుళాలు అనుకోండి. ప్రొపెల్లర్ నిమిషానికి 2,500 చుట్లు, చుట్టుకు 9 అంగుళాలు. గుణించి గంటలోకి మార్చితే 34 కిలోమీటర్లు వస్తుంది. పడవ పోతున్నది 11. అంటే ప్రొపెల్లర్ తిప్పిన మూడు చుట్లలో రెండు చుట్లు నీళ్లు చిలకడానికే పోతున్నాయి. కొంత స్లిప్ లేకపోతే అసలు తోపే పుట్టదు నిజమే, కానీ మూడింట రెండు వంతులంటే ఆ ప్రొపెల్లర్ ఈ పడవది కాదని అర్థం. చిన్న మోటారుతో పాటు డబ్బాలో వచ్చే ప్రొపెల్లర్ ఎక్కువగా తేలిక పడవని వేగంగా లాక్కుపోవడానికి సరిపోయేది. మనం దాన్ని తీసుకొచ్చి బరువు పడవకి బిగిస్తున్నాం. బైకుని టాప్ గేర్‌లో పెట్టి ట్రిపుల్స్‌తో గుట్ట ఎక్కించినట్టు ఉంటుంది.

సరైనది ఏది మరి? వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ, నెమ్మదిగా తిరిగేది. ఎందుకో కూడా ఫిజిక్సే చెప్తుంది. నీటిని వెనక్కి తోస్తేనే పడవ ముందుకు పోతుంది. తోపు అంటే సెకనుకు తోసిన నీటి ద్రవ్యరాశిని, దానికి అదనంగా ఇచ్చిన వేగంతో గుణించడం. ఆ నీటిలోకి వృథాగా పోయే శక్తి మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి కొంచెం నీటిని గట్టిగా తోసే బదులు ఎక్కువ నీటిని నెమ్మదిగా తోస్తే అదే తోపు తక్కువ ఖర్చుకు వస్తుంది. రెట్టింపు నీటిని సగం వేగంతో తోశామనుకోండి, తోపు అంతే, వృథా సగం. కొన్ని కంపెనీలు ఇదే 9.9 సైజులో హై థ్రస్ట్ అని వేరే మోడల్ అమ్మేది ఇందుకే. అందులో గేర్ రెండింతల బదులు మూడింతలకు దగ్గరగా వేగం తగ్గిస్తుంది, కింద పెద్ద ప్రొపెల్లర్ పడుతుంది. హార్స్‌పవర్ అంకె అదే, పని వేరు.

ఉన్న మోటారునే వాడుకునేవాళ్లకు పరీక్ష ఇంకా సులువు. మోటారుతో వచ్చిన పుస్తకంలో ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్పీఎం రావాలో రాసి ఉంటుంది. నాలుగు స్ట్రోకుల చిన్న మోటార్లకు ఇది తరచూ 5,000 నుంచి 6,000 మధ్య ఉంటుంది. పడవలో రోజూ ఉండే బరువంతా పెట్టి ఫుల్‌గా తిప్పి చూడండి. ఆ అంకెకు కింద ఉంటే పిచ్ ఎక్కువైనట్టు. ఇంజన్ ఎగశ్వాస తీస్తోంది. అలా రోజూ నడిపితే పెట్రోల్ ఒక్కటే కాదు, లోపల మసి పట్టి ఇంజన్ ఆయుష్షు కూడా పోతుంది. ఆ అంకెకు పైన ఉంటే పిచ్ తక్కువైనట్టు. పిచ్ ఒక్క అంగుళం మారితే ఆర్పీఎం వందల్లో మారుతుంది. ప్రొపెల్లర్ ధర మోటారు ధరలో చిన్న ముక్క.

ప్రొపెల్లర్ తర్వాత చూడాల్సింది ఎత్తు. ప్రొపెల్లర్‌కి పైన ఒక అడ్డ రేకు ఉంటుంది. అది పడవ అడుగుతో సమానంగా గానీ, కొద్దిగా కిందికి గానీ ఉండాలి. మోటార్లు 15 అంగుళాల పొట్టి షాఫ్ట్‌తో, 20 అంగుళాల పొడుగు షాఫ్ట్‌తో వస్తాయి. వెనక చెక్క ఎత్తు కొలవకుండా కొనేస్తే ఇబ్బందే. మరీ కిందికి పోతే కాలు మొత్తం నీటిలో ఈడ్చుకుంటూ పోతుంది. మరీ పైకి ఉంటే అల వచ్చినప్పుడల్లా ప్రొపెల్లర్ గాలి పీల్చుకుని, మోటారు ఒక్కసారిగా కేకేస్తుంది, పడవ మాత్రం కదలదు. వంపు కూడా అంతే ముఖ్యం. పడవ నడుస్తున్నప్పుడు షాఫ్ట్ నిట్టనిలువుగా ఉండాలి. ముక్కు బాగా లేస్తోందంటే పిన్ను ఒక రంధ్రం ముందుకి మార్చండి. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత బరువు. సముద్రంలోనే కట్టేసి ఉండే పడవలకు అడుగున నాచు, గవ్వలు పట్టి వేగం చచ్చిపోతుంది. ఇసుక మీదికి లాక్కొచ్చే పడవలకు ఆ బాధ తక్కువ, ఎందుకంటే రోజూ ఎండుతాయి. వీటి బాధ వేరు. రోజూ ఇసుకలో ఈడ్చి ఈడ్చి అడుగంతా గరుకెక్కుతుంది. ఒడ్డు దగ్గర ప్రొపెల్లర్ ఇసుకకు తగిలి అంచులు వంగుతాయి. పడవ లోపల తోడకుండా వదిలేసిన నీళ్లు, ఎప్పుడో అవసరమవుతాయని దాచిన పాత వలలు, ఇవన్నీ కలిపితే ఒక మనిషిని ఊరికే ఎక్కించుకుని తిరిగినట్టే.

ఇక మోటారు ఒంట్లో బాగుండాలి కదా. పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ అయితే పోసిన పెట్రోల్‌లో నాలుగో వంతు వరకు కాలకుండానే పొగలో కలిసి బయటికి పోతుంది, అది దాని పుట్టుకలోనే ఉంది. కానీ ఏ మోటారుకైనా వర్తించే చిన్న పనులు కొన్ని ఉన్నాయి. ఒడ్డుకి రాగానే మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు లోపల గడ్డకట్టి నీళ్ల దారి మూసేస్తుంది. వెనక నుంచి సన్నగా చిమ్మే నీటి ధార ఆగితే మోటారు ఆపేయాలి, చల్లబడడానికి నీరు అందట్లేదని అర్థం. గేర్ ఆయిల్ పాలరంగులోకి మారితే సీలు పోయి నీళ్లు దూరాయని. టూ-స్ట్రోక్‌లో కంపెనీ 50కి 1 అని చెప్తే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, అంతకు మించి చేతివాటంగా పోస్తే ప్లగ్గుకి మసే.

ఇంతవరకు ఎవరూ కాదనరు. అసలు గొడవ ఇక్కడి నుంచే. ఇవన్నీ సరిచేశాక కూడా ఇంధనం మిగలాలంటే అన్నిటికంటే పెద్ద మందు థ్రాటిల్ కొంచెం తగ్గించడం. మళ్లీ అదే ఘనం లెక్క. 12 కిలోమీటర్ల వేగం నుంచి 10కి తగ్గితే, గంటకు ఖర్చయ్యే పవర్ 42 శాతం తగ్గుతుంది. వేగం తగ్గింది కాబట్టి ప్రయాణం టైమ్ పెరుగుతుంది. అది కూడా కలుపుకుంటే, అదే దూరానికి దాదాపు 30 శాతం ఆదా. చేతికి వచ్చేది ఇంకొంచెం తక్కువే, ఎందుకంటే పెట్రోల్ ఇంజన్ సగం థ్రాటిల్‌లో అంత బాగా పని చెయ్యదు. 20 కిలోమీటర్ల దూరానికి టైమ్ 100 నిమిషాల నుంచి 120 నిమిషాలు అవుతుంది. ఇరవై నిమిషాలు.

నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు ఇది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ 1999లోనే చిన్న చేపల పడవల ఇంధన ఆదా మీద ఒక టెక్నికల్ పేపర్ వేసింది. 2012లో ఆయివింద్ గుల్‌బ్రాండ్సన్ అనే నౌకా శిల్పి అదే విషయం మీద ఎఫ్ఏఓకి ఒక మాన్యువల్ రాశాడు. ఆయన బయటివాడేం కాదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్‌లో పనిచేసి, మన తూర్పు తీరంలో అలల్లోంచి ఇసుక మీదికి ఎక్కే పడవలు డిజైన్ చేసినవాడు. ఆ పుస్తకాలు చెప్పేది కూడా ఇదే: వేగం తగ్గించు, ప్రొపెల్లర్ పెద్దది పెట్టి నెమ్మదిగా తిప్పు, పడవను సన్నగా, పొడుగ్గా, తేలిగ్గా కట్టు. అంత సాదా సలహా, అదీ మన తీరంలోనే పుట్టింది, రేవులో ఎంతమందికి చేరింది?

థ్రాటిల్ సంగతి బాబాయ్‌కి చెప్తే ఆయన నవ్వాడు. "మీరు కాయితం మీద చెప్తన్నారు. ఇరవై నిమిషాల్లో పాట అయిపోద్ది. ఇంకోటి, ఒడ్డు కాడ కెరటం లేచినప్పుడు మోటారుకి దమ్ము లేకపోతే పడవ అడ్డం తిరిగిపోద్ది. అప్పుడు పెట్రోల్ మిగిలి ఏం లాభం?"

ఈ రెండు మాటలకీ బరువుంది. రెండోది ప్రాణం సంగతి. తీరం దగ్గర కెరటాలు దాటేటప్పుడు, వాతావరణం చెడినప్పుడు, చేతిలో పవర్ ఉండి తీరాలి. కానీ గమనించండి, ఆ క్షణంలో కావాల్సింది వేగం కాదు, తోపు. ఆగి ఉన్న పడవను, నెమ్మదిగా కదిలే పడవను గట్టిగా ముందుకు నెట్టే శక్తి. అది వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ ఉన్న ప్రొపెల్లరే ఎక్కువ ఇస్తుంది. కాబట్టి ఆయన భయం నా వాదనకు ఎదురు కాదు, దాని పక్షానే ఉంది. మొదటి మాటకి నా జవాబు: పాట వచ్చేటప్పుడే ఉంటుంది, పోయేటప్పుడు ఉండదు. తెల్లవారుజామున వేటకి పోయేటప్పుడు ఇరవై నిమిషాలు ముందు బయల్దేరితే ఎవరి రేటూ పడిపోదు. పోయేటప్పుడు నెమ్మదిగా, మంచి సరుకు పడి తొందరగా రావాల్సిన రోజు వేగంగా. రెండు దారుల్లో ఒక దారిలో ఆదా చేసినా అది ఆదాయే.

మాటలతో తేలేలా లేదని కొలిచాం. ఫోన్‌లో జీపీఎస్, ప్రొపెల్లర్‌ని చూసే పని లేకుండా ఆర్పీఎం చూపించే చిన్న మీటరు, గీతలు గీసిన పారదర్శకమైన డబ్బా. అంతే మా ల్యాబ్. ఎదురు ప్రవాహం మోసం చేయకుండా అదే దారిలో ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం పుస్తకంలో రాసిన రేంజికి కిందే ఆగిపోయింది. అంటే ఉన్న 9.9 హెచ్‌పీ కూడా పూర్తిగా ఆయన చేతికి రావట్లేదు. థ్రాటిల్ కొంచెం వెనక్కి తీసి అదే దూరం పోతే డబ్బాలో పెట్రోల్ ఇంకా పై గీత దగ్గరే ఉంది. బాబాయ్ ఆ గీత కేసి రెండుసార్లు చూశాడు. "ముందు ఫ్యాను మార్చి చూద్దాం, అప్పు సంగతి తర్వాత" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడానికి నా లెక్కలు పనికిరాలేదు, గీతలు గీసిన డబ్బా పనికొచ్చింది.

ఇప్పుడు ఇది ఒక్క పడవ కథ ఎందుకు కాదో చెప్తా. కేరళ తీరం చూడండి. 1980ల మొదట్లో అక్కడ చిన్న మోటార్లతో మొదలైంది. పక్కవాడికి పెద్దది ఉందని ఇంకోడు, వాడికి ఉందని మరొకడు. 25 హెచ్‌పీ, 40 హెచ్‌పీ దాకా పోయింది. పెద్ద రింగు వల పడవలకు వెనకాల రెండేసి మూడేసి మోటార్లు. అందరూ పెద్దవి కొన్నాక మళ్లీ అందరూ సమానమే. పాటలో ముందున్నవాడు ముందే, వెనకున్నవాడు వెనకే. పెరిగింది అప్పు, ఇంధనం ఖర్చు. పరీక్ష హాల్లో ముందు బెంచీవాడు నిలబడితే వెనకవాళ్లంతా నిలబడ్డట్టు. అందరూ నిలబడ్డాక ఎవరికీ బోర్డు బాగా కనిపించదు, కాళ్లు మాత్రం నొప్పి.

ప్రభుత్వం సాయం కూడా లీటరు లెక్కనే ఆలోచిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మత్స్యకారుల డీజిల్ సబ్సిడీని లీటరుకి 6.03 నుంచి 9 రూపాయలకు పెంచారు. మంచిదే, ఎవరూ వద్దనరు. నెలకి 300 లీటర్లు కాల్చే డీజిల్ బోటు ఒకటి అనుకోండి. సబ్సిడీ కింద నెలకు 2,700 రూపాయలు. అదే బోటుకి ప్రొపెల్లర్ సరిచేసి, పోయేటప్పుడు థ్రాటిల్ తగ్గించి 20 శాతం మిగిల్చామనుకుందాం. 60 లీటర్లు. లీటరు 95 అనుకుని సబ్సిడీ తీసేస్తే 86 చొప్పున 5,160 రూపాయలు. సబ్సిడీకి దాదాపు రెట్టింపు. దీనికి నెలనెలా ఎవరి బడ్జెట్టూ అక్కర్లేదు, ఒక్కసారి సరిచేస్తే చాలు. మోటారుకి సబ్సిడీ ఇచ్చేటప్పుడు దాంతో పాటు రెండు రకాల ప్రొపెల్లర్లు, పడవ మీద ఒక పూట ట్రయల్ కూడా ఇవ్వాలని నేనంటాను. హెచ్‌పీ అంకె చూసి బిల్లు పాస్ చేసే బదులు ఫుల్ థ్రాటిల్ ఆర్పీఎం చూసి పాస్ చేయాలి.

బ్యాటరీ మోటార్లు వచ్చేస్తున్నాయి కదా, ఈ పెట్రోల్ గోల ఎందుకు అని మన ఈవీ క్లబ్ వాళ్లు అంటారు. రానీయండి, నాకూ ఇష్టమే. కానీ లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మోటారు అందులో చాలావరకు వేడిగా పారేసినా మిగిలేది చిన్నది కాదు. దానికి సరిపడే బ్యాటరీ కిలోల్లో బరువు తూగుతుంది. బ్యాటరీ పెట్టిన రోజు ప్రతి యూనిటూ ఇంకా ఖరీదైనది అవుతుంది కాబట్టి ఆ రోజు ప్రొపెల్లర్ లెక్క ఇంకా ఎక్కువ అవసరం. ఇప్పుడు నేర్చుకున్నది అప్పుడు వృథా పోదు.

చివరగా మన సంగతి. ఏటా మన కాలేజీ ప్రాజెక్టుల్లో మత్స్యకారుల కోసం అని ఒకటో రెండో యాప్‌లు వస్తాయి. డాష్‌బోర్డు, మ్యాపు, నోటిఫికేషన్. నేను సీఎస్ఈ వాణ్నే, యాప్‌ల మీద నాకు కోపం లేదు. కానీ అక్కడ కావాల్సిన మొదటి ప్రోగ్రాం ఒక డబ్బా మీద గీసిన నాలుగు గీతలు. రెండోది తెలుగులో రెండు పేజీలు.

ఈ రెండో దాని గురించి లిటరరీ క్లబ్ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మోటారుతో వచ్చిన పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను అది చదివి బాబాయ్‌కి తెలుగులో చెప్పడానికి తడబడ్డాను. స్లిప్‌కి, పిచ్‌కి, తోపుకి మాటలు వెతుక్కున్నాను. ఆయన మాత్రం తడబడలేదు. ఫ్యాను, దమ్ము, కెరటం, పాట, అన్నిటికీ ఆయన దగ్గర మాట ఉంది. మన దగ్గర లెక్క ఉంది. ఈ రెండూ ఒక కాగితం మీదికి ఎవరు తేవాలి? కవితలు మనం రాస్తూనే ఉన్నాం, రాద్దాం కూడా. దాంతో పాటు ఏడాదికి ఒక్కసారి, పనిచేసే మనిషి చేతికి ఇవ్వగలిగిన రెండు పేజీల తెలుగు కూడా రాస్తే క్లబ్బు పరువేం పోదు.

టైమ్ కూడా మనకు కుదిరేలానే ఉంది. ప్రతి ఏడాది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు పడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు కుట్టేదీ, మోటార్లు విప్పేదీ అప్పుడే. మన వేసవి సెలవులు కూడా అదే టైమ్‌లో. రెండు రకాల పనికి ఇది మంచి అదను: మోటారు ఎత్తు, వంపు, ప్రొపెల్లర్ అంచులు, వెనక చెక్క కొలత, ఇవన్నీ ఒడ్డున కూర్చునే చూడొచ్చు. జూన్ 15న పడవలు నీటిలో దిగాక ఆర్పీఎం, డబ్బా గీతల ట్రయల్. మెకానికల్ వాళ్లు ఇద్దరు, మా బ్రాంచి నుంచి ఇద్దరు, తెలుగు బాగా రాసేవాళ్లు ఒకరు వస్తే ఒక పల్లెకి సరిపోతారు. కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, అడిగితే దారి చూపేవాళ్లు దొరుకుతారు.

పేరు ఇవ్వాలనుకునేవాళ్లు క్లబ్ రూమ్ దగ్గర నోట్‌బుక్కులో రాయండి. ఈత వచ్చినవాళ్లకు మొదటి చాన్స్. లైఫ్ జాకెట్ వేసుకోను, ఫొటోలో బాగుండదు అనేవాళ్లు దయచేసి రావద్దు.